గంజి నూలు మేసిన దొరసాని

మా వీధి వీధంతా మగ్గాలు ఆపేసి, ఒక బర్రె వెనక గుమిగూడి, దాని తోక ఎప్పుడు లేస్తుందా అని మధ్యాహ్నమంతా ఊపిరి బిగపట్టి నిలబడిన రోజు ఒకటుంది. ఆ బర్రె నాది. దాన్ని ఆ గతికి తెచ్చింది కూడా నేనే. చెప్పుకోవడానికి సిగ్గు లేదా అని మీరు అడగవచ్చు. లేదు. ఇన్నేళ్లుగా మా చుట్టాలు ఏ పెళ్లికి కలిసినా నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకొని మరీ ఈ కథ చెప్పుకొని నవ్వుతున్నారు. అందులో సగం అబద్ధాలు. పోయినసారి ఒకామె బర్రె కడుపులోంచి ఏకంగా చీర వచ్చిందని చెప్పింది, దానికి అంచు కూడా ఉందట. అందుకే ఇక నేనే చెబుతాను. నేను చెబితే కనీసం నా వైపు న్యాయం కూడా నాలుగు మాటల్లో వినిపిస్తుంది.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తలో సంగతి. కరీంనగర్ జిల్లాలో, హుజూరాబాద్ అంగడికి నడిచిపోయేంత దూరంలో ఉన్న చిన్న ఊరు మాది. మాది నేత పని చేసుకునేవాళ్ల వీధి. ఇంటి ముందు గదిలో మా ఆయన వీరేశం మగ్గం నేసేవాడు. మా అత్త నర్సవ్వ నూలుకు రంగులద్దేది, గంజి కాచి పడుగుకు, అంటే మగ్గానికెక్కే నిలువు పోగులకు, పట్టించేది. నేను రాట్నం ముందు కూర్చొని నూలును కండెలకు చుట్టేదాన్ని. ఆ ఇంట్లో మగ్గం మా మామ చేయించింది. రాట్నం మా అత్త కాపురానికి వచ్చిన కొత్తలో కొన్నది. నేను పడుకునే చాప కూడా మా అత్త అల్లిందే, ఆ మాట ఆమె వారానికొకసారైనా గుర్తుచేసేది. నాది అని వేలు పెట్టి చూపించుకోవడానికి ఆ ఇంట్లో ఒక్క వస్తువు లేదు. అందుకని కండెల మీద వచ్చిందంతా కూడబెట్టి నేను బర్రెను కొనుక్కున్నాను.

దానికి దొరసాని అని పేరు పెట్టాను. నడకలో ఆ దర్జా ఉండేది. పైగా అప్పటికి దొరల పెత్తనం కాస్త సడలింది కాబట్టి ధైర్యం చేశాను.

బర్రె గుమ్మం ముందు నిలబడగానే మా అత్త నడుం మీద చేతులు పెట్టుకుంది.

"మగ్గమున్న ఇంట్ల బర్రె ఏందే పిల్లా? పడుగు ఏడ పరుసాలె, పెండ ఏడ ఎత్తాలె?"

"ఎనక కొట్టం ఖాళీగనే ఉన్నది కదా అత్తా."

"కొట్టానికి, మగ్గానికి నడుమ ఉన్నది గా తడక ఒక్కటే. గడ్డి ఎగిరొచ్చి పడుగు మీద పడ్తె ఎవలు ఏరుతరు?"

"నేనే ఏరుత."

"ఏరుడు గీరుడు వద్దు. ఇను. పడుగు మీద గడ్డిపోచ కనబడ్డా, బర్రెకు ఒక్కనాడు జబ్బు చేసినా వచ్చే అంగట్ల అమ్ముడే. మాట ఇస్తె కొట్టంల కట్టేయి."

మాట ఇచ్చాను. మా ఆయన మగ్గం గుంతలోంచి తల బయటకు పెట్టి, "అవ్వ చెప్పింది సమజైందా?" అన్నాడు. నాకు ఎప్పుడో సమజైంది. ఆయనకు సమజైందని వాళ్ల అవ్వకు తెలియడం కోసం ఆయన పడే తాపత్రయం అది.

ఇక ఈ కథలో మిగిలినవాడు కొమురయ్య. పక్క ఊరి రైతు. వరిగడ్డి బండి మీద వేసుకొచ్చి అమ్మేవాడు. అతనికి దొరసాని మీద మొదటి నుంచీ కన్ను. అంగడిలో అతను ఇంకా దాని పళ్లు చూస్తుండగానే నేను బేరం ముగించి పలుపు పట్టుకున్నాను. ఆ రోజు నుంచి మా ఇంటికి గడ్డి వేయడానికి వచ్చిన ప్రతిసారీ దొరసాని వీపు నిమిరి, "చెల్లె, నీకు భారమనిపిస్తె చెప్పు, నేను తోల్కపోత" అనేవాడు. కాబట్టి అతను చెప్పే సలహా ఏదైనా నేను ఈ చెవిన విని ఆ చెవిన వదిలేశానంటే తప్పు నాదా? మీరే చెప్పండి.

కొమురయ్య తెచ్చే గడ్డి మోపులన్నీ గడ్డితోనే కట్టి ఉండేవి. నాలుగు పోచలు కలిపి మెలిపెట్టి, దాన్నే తాడులా చుట్టి బిగించేవాడు. దాన్ని వెంటి అంటారు. పొలంలో దానికి తిరుగులేదు. మా ఇంట్లో మాత్రం అది శత్రువై కూర్చుంది. మోపు కదిపితే చాలు, వెంటి వదులై పోచలు రాలేవి. మాఘమాసపు గాలి తడకలోంచి దూరి వాటిని నేరుగా పడుగు మీదికి మోసుకుపోయేది. నేను పొద్దస్తమానం మోకాళ్ల మీద వంగి పోచలు ఏరుకుంటూ తిరిగాను. మా అత్త ఒక పోచను పట్టుకొని దీపం వత్తిలా కళ్ల ముందు తిప్పి చూసి, ఏమీ అనకుండా నా ఒళ్లో వేసి వెళ్లిపోయింది. తిట్టినా బాగుండేది.

అప్పుడు నాకు ఆలోచన వచ్చింది. గడ్డిని ఒక్కో మేతకు సరిపడా చిన్న చిన్న కట్టలుగా, పోచ కూడా జారకుండా గట్టిగా కడితే పీడ పోతుంది. కట్టడానికి తాడు కావాలి. మోదుగు నారతో కట్టి చూశాను. అది అరచేతులు కోసింది, ఆరిన తర్వాత ముడి నిలవలేదు. నూలు బేళ్లకు కట్టి వచ్చే సుతిలి తీసుకున్నాను. అది మా ఆయన మగ్గం పలకలు కట్టుకోవడానికి దాచుకున్నదట, నా చేతిలో చూడగానే, "గది ముట్టకు" అన్నాడు. పెళ్లయిన తర్వాత ఆయన నాతో అంత గట్టిగా మాట్లాడింది అదే మొదటిసారి, అదీ సుతిలి కోసం.

అప్పుడు నా కన్ను మా అత్త కుండ మీద పడింది.

బట్ట కోసిన తర్వాత మగ్గం మీద పడుగు కొసలు కొన్ని మిగులుతాయి. మూరెడు, బారెడు ముక్కలు. నేతింట్లో నూలు పారేయడమంటే అన్నం పారేసినట్టే. మా అత్త ఆ కొసలన్నీ ఒక కుండలో దాచేది. ఎరుపు, పచ్చ, నలుపు, గంజి పట్టి బిరుసుగా, ముట్టుకుంటే గరగరలాడుతూ ఉండేవి. నాలుగేసి కొసలు కలిపి పేని, రెండు పేటలు ముడివేసి లాగి చూశాను. తెగలేదు. కట్టకు చుట్టి బిగించాను. జారలేదు. గడ్డి కట్ట చంకలో పెట్టుకుపోయే చాపచుట్టంత ముచ్చటగా కుదిరింది. ఒక్క పోచ రాలితే ఒట్టు.

కొమురయ్య మరుసటిసారి వచ్చి వాటిని చూసి తలపాగా తీసి గోక్కున్నాడు.

"గిదేంది చెల్లె, గడ్డికి పట్టు చీరె కట్టినట్టున్నది?"

"పట్టు కాదు, నూలు. ఎట్లున్నది?"

"మంచిగనే ఉన్నది చూడనీకి. కని గడ్డిని గడ్డితోనే కట్టాలె. కట్టు ఇప్పనీకి మరిసినా బర్రె గడ్డే తింటది. గిది తింటె ఎట్ల?"

"నేనెందుకు తిననిస్త? ఇప్పినంకనే ఏస్త."

"ఇప్పినంక తాడు ఏడ పెడ్తవు?"

"గంపల."

"గంప ఏడుంటది?"

"కొమురన్నా, నూలు సంగతి నాకు చెప్తవా? పుట్టిన కాన్నుంచి నూలు నడుమనే ఉన్న. నీ గడ్డి సంగతి నువ్వు చూస్కో."

అతను దొరసాని వీపు నిమిరి, నిట్టూర్చి వెళ్లిపోయాడు. ఆ నిట్టూర్పు దొరసాని కోసమేనని నేను అప్పుడు నమ్మాను, ఇప్పటికీ కొంత నమ్ముతున్నాను.

నా కట్టలు వీధిలో పేరు తెచ్చుకున్నాయి. అమ్మలక్కలు కొట్టంలోకి వచ్చి చూసిపోయారు. పడుగు మీద గడ్డిపోచ కనబడడం ఆగిపోయింది. మా అత్త వెతికి వెతికి అలిసిపోయింది. నేను రోజూ కట్ట విప్పడం, తాడును తొట్టి పక్కనున్న గంపలో వేయడం, గడ్డి తొట్టిలో పరచడం. అవే తాళ్లతో మళ్లీ కట్టవచ్చు కదా, పొదుపు. దొరసాని కూడా ఈ ఏర్పాటు చూసి మురిసిపోయినట్టే ఉండేది. నేను కట్ట తీసుకొని కొట్టంలోకి అడుగు పెట్టగానే నాలుక చాచేది. ఒకసారి నా చేతిలోని ముడిని కూడా నాకింది. నా మీద ప్రేమ అనుకున్నాను. మా ఆయనకు చెప్పాను కూడా.

"సూసినవా, నా చెయ్యి నాకుతున్నది."

"దానికైన నీ విలువ ఎర్కయింది," అన్నాడు మా ఆయన, మగ్గం మీది నుంచి తల ఎత్తకుండా.

కొన్నాళ్లకు ఒక సంగతి గమనించాను. గంపలో నేను వేసిన తాళ్లు మరుసటి పొద్దుటికి ఉండడం లేదు. మొదట ఎలుకలేమో అనుకున్నాను. తర్వాత మా అత్త కుండ గుర్తొచ్చింది. ఓహో, తనను అడగకుండా నేను తీసుకున్న నూలును నాకు చెప్పకుండా ఆమె వెనక్కి తీసుకుంటోంది అనుకున్నాను. నాకు కోపం వచ్చింది, అయినా మాట్లాడలేదు. కుండలోంచి ఇంకాస్త నూలు తీసి కొత్త తాళ్లు పేనాను. అవీ మాయం. ఇంకాస్త తీశాను. అలా కుండ అడుగు కనబడింది.

కుండ అడుగు చూసి మా అత్త ఏమనుకుందో తెలుసా? కోడలు నూలంతా తల్లిగారింటికి మోస్తోందని. అక్కడి నుంచి మేమిద్దరం మాట్లాడుకోవడం మానేశాం. మాట్లాడవలసిందంతా మధ్యలో మగ్గం దగ్గర కూర్చున్న మా ఆయన ద్వారా నడిచింది. పాపం, ఆయన రెండు వైపులా కొట్టే మద్దెల అయిపోయాడు.

"వీరేశం, నీ పెండ్లాన్ని అడుగు, నా కుండల నూలు ఏ ఊరికి పోతున్నదో."

"ఓ, మీ అవ్వకే చెప్పు. నా గంపల తాళ్లు ఏ కుండలకు పోతున్నయో ఆమెకే ఎర్క."

"నేను దొంగనంటున్నదా?"

"నన్నే దొంగను చేస్తున్నది మీ అవ్వ."

"వీరేశం, నా ఇంట్ల నా నూలు నేను దొంగతనం చేస్తనా? జర నువ్వు చెప్పు."

మా ఆయన మగ్గం ఆపాడు. చాలాసేపు ఆలోచించాడు. "నాకు ఆకలైతున్నది," అన్నాడు.

అంబలి పోసేవాళ్లు ఎవరూ లేవకపోయేసరికి ఆయనే లేచి వెనక్కి వెళ్లాడు. వెళ్లినవాడు కొట్టం గుమ్మంలోనే ఆగిపోయి పిలిచాడు. "ఇటు రాండ్రి. దొరసాని నెమరేస్త లేదు."

పరుగెత్తాను. పొద్దున వేసిన గడ్డి వేసినట్టే ఉంది. దొరసాని తల వేలాడేసుకొని నిలబడింది. కడుపు ఒక పక్క ఉబ్బింది. ముట్టె ఎండిపోయింది. నేను దాని మెడ చుట్టూ చేతులు వేసి పిలిచాను, చెవి కూడా కదపలేదు. ఆ క్షణంలో నాకు నూలు గుర్తులేదు, అత్త గుర్తులేదు. ఇది పోతే ఈ ఇంట్లో నాకేముంది అనే ఒక్క మాటే బుర్రలో తిరిగింది. నేను ఏడ్చాను. ఇది మాత్రం మా చుట్టాలు ఎవరూ చెప్పరు.

మా అత్త గుమ్మంలో నిలబడి చూసింది. "మాట మాటే," అంది. ఆమె గొంతులో కోపం లేదు, అదే నన్ను ఇంకా భయపెట్టింది. "రేపే అంగడి."

సరిగ్గా ఆ సమయానికే కొమురయ్య గడ్డి బండితో వచ్చాడు. ఎవరు పిలిచారో ఆ దేవుడికే తెలియాలి. దొరసానిని చూశాడు. కనురెప్ప ఎత్తి చూశాడు. కడుపు మీద చెవి పెట్టి విన్నాడు. ముఖం విచారంగా పెట్టుకున్నాడు, కళ్లు మాత్రం మెరుస్తున్నాయి.

"దీనికి దిష్టి తగిలింది చెల్లె. నీ చేతుల ఇగ నిలువది. అంగడి దాంక నడువనన్న నడుస్తదో లేదో. నేనే తోల్కపోత, బతికితె నా అదృష్టం, సస్తె నా ఖర్మ."

"అది నా బర్రె," అన్నాను.

"అత్తకు మాట ఇచ్చినవు కదా?"

"మాట నేను ఇచ్చిన. బర్రె ఇయ్యలే. దొరసానిని తోలాలంటె ముందు నన్ను తోలుర్రి."

అంటూ నేను వెళ్లి దొరసానికి, గుమ్మానికి మధ్య నిలబడ్డాను. కొంగు నడుముకు చుట్టుకున్నాను కూడా. మా ఆయన నన్ను అలా ఎప్పుడూ చూడలేదు, రెండడుగులు వెనక్కి వేశాడు. అలా వెనక్కి వేస్తూ వేస్తూ దొరసాని వెనక వైపుకు చేరి, అక్కడి నుంచి అన్నాడు.

"తోక కింద ఎర్రగ ఏందో ఏలాడుతున్నది."

"నెత్తురు," అన్నాడు కొమురయ్య.

మా అత్త మాత్రం కళ్లు చికిలించుకొని గుమ్మంలోంచి ముందుకు వచ్చింది. ఇంకా ముందుకు వచ్చింది. దొరసాని తోకను ఒక చేత్తో పక్కకు నెట్టి వంగి చూసింది.

"నెత్తురు కాదు. గిది నా ఎరుపు," అంది.

నేను వెళ్లి చూశాను. ఎర్రదారం, దానికి ముడి, ముడికి పచ్చదారం. ఆ ముడి నాదే, ఎక్కడున్నా గుర్తుపడతాను. మా అత్త నా వైపు చూసింది. నేను గంప వైపు చూశాను. గంప దొరసాని మూతికి మూరెడు దూరంలో ఖాళీగా ఉంది. మా ఇద్దరి మధ్య అన్నాళ్లు తిరిగిన దొంగ తొట్టి ముందు కడుపుబ్బి నిలబడి ఉంది.

"నాకింది తాడును, తాడును," అని మా ఆయన నెమ్మదిగా అన్నాడు. "నీ చెయ్యిని కాదన్నట్టు."

అప్పుడు నాకు వెలిగింది. ఆ నూలుకు పట్టిన గంజిలో జొన్నపిండి ఉంటుంది, కాస్త నూనె ఉంటుంది. కాచి పులియబెట్టిన కమ్మటి గంజి. నేను దొరసానికి ఎండుగడ్డి తొట్టిలో పెట్టి, పక్కనే గంపలో పిండివంటలు పెట్టానన్నమాట. నేతింట్లో పుట్టి పెరిగినదానికి గంజి అంటే నూలుకు పెట్టేది. బర్రెకు అది తిండి అని ఏ నేతగత్తెకు తడుతుంది? రైతింటి ఆడది అయితే ఈ పని చేసేది కాదంటారు మా చుట్టాలు. చేసేది కాదు, నిజమే. రైతింటి ఆడదానికి గంజి నూలు ఎక్కడిది?

ఈలోగా వార్త పాకింది. వీధి మొత్తం కొట్టంలోకి దిగింది. వచ్చినవాళ్లంతా నేతగాళ్లే, బర్రె సంగతి ఒక్కరికీ తెలియదు, నూలు సంగతి అందరికీ తెలుసు.

"కొస దొరికింది కదా, మెల్లగ గుంజుర్రి."

"తెంపకుండ్రి, తెంపితె మల్ల కొస దొరకది."

"గుంజుకుంట కండెకు చుట్టుర్రి, చిక్కు పడది."

ఒకాయన నిజంగానే కండె తెచ్చాడు. దారం కొస దొరికితే తెంపకుండా చుట్టడం తప్ప మా వాళ్లకు ఇంకో ఆలోచన రాదు. అతను తోక దగ్గరికి చేయి చాచాడు. కొమురయ్య అతని చేయి పట్టుకున్నాడు.

"గుంజకు. లోపల పేగుకు చుట్టుకొని ఉంటె కోస్కపోతది."

నేను వెంటనే దొరసాని వెనక అడ్డం నిలబడ్డాను. ముందు వైపు కాపలా కాసినదాన్ని వెనక వైపుకు మారానన్నమాట. "ఎవలన్న దారం ముట్టుకున్నరంటే నా సంగతి చూస్తరు," అన్నాను. కొమురయ్య వైపు కూడా చూసి అన్నాను. దొరసాని బతకాలని అతనూ కోరుకుంటున్నాడని నాకు తెలుసు, కాకపోతే తన కొట్టంలో.

మా అత్తకు తెలిసిన వైద్యం ఒక్కటే, ఆముదం. మా ఆయనకు జలుబు చేసినా అదే, నాకు తలనొప్పి వచ్చినా అదే. లోపలికి వెళ్లి సీసాతో, వెదురు గొట్టంతో వచ్చింది. నా వైపు చూడకుండా, "మూతి ఎత్తి పట్టు," అంది. నాతో నేరుగా మాట్లాడింది. నేను మూతి ఎత్తి పట్టాను. ఆమె పోసింది. దొరసాని సగం మింగి, సగం మా ఇద్దరి మీదా ఊసింది. ఆమె ముఖం మీది ఆముదం నా కొంగుతో తుడిచాను, వద్దనలేదు.

ఆ తర్వాత చేయడానికి ఏమీ లేదు, చూడడం తప్ప. వీధిలో ఒక్క మగ్గం చప్పుడు లేదు. ముసలివాళ్లు అరుగుల మీద నుంచి లేచి వచ్చి గోడకు ఆనుకున్నారు. ఎవరో బుడ్డపల్కులు, అంటే వేరుశనగ గింజలు, వేయించుకొచ్చి పంచారు. దొరసాని తోక కాస్త కదిలితే అందరూ మాటలు ఆపేసేవారు. ఈగ వాలి తోక ఊపితే ఉసూరుమనేవారు. నేను దాని పొట్టను అరచేతులతో రుద్దుతూ, నాకు తెలిసిన దేవుళ్లందరికీ మొక్కుతూ, కొమురయ్య చేతిలోని పలుపు వైపు చూడకుండా ఉండడానికి ప్రయత్నించాను. అతను బండిలోంచి పలుపు ముందే తెచ్చి పెట్టుకున్నాడు మరి.

పొద్దు వాలుతుండగా దొరసాని నడుం వంచింది. తోక లేచింది. ముందున్నవాళ్లు వెనక్కి ఉరికారు, వెనకున్నవాళ్లు ముందుకు ఉరికారు. నేను కదల్లేదు కాబట్టి నా సంగతి మీరు ఊహించుకోండి. పెండతో పాటు పిడికెడు పిడికెడు నూలు ఉండలు, ఎరుపు, పచ్చ, నలుపు, అన్నీ వచ్చాయి. దొరసాని పెద్దగా నిట్టూర్చింది. కాసేపటికి దవడ ఒక పక్కకు కదిలింది, ఇంకో పక్కకు కదిలింది. నెమరు. నేను దాని కాళ్ల దగ్గరే కూలబడి నవ్వాను, ఏడ్చాను, రెండూ ఒకేసారి చేశాను.

వీధి సంబరపడింది. మా అత్త మాత్రం కర్రతో ఆ నూలు ఉండను పక్కకు లాగింది. కడవతో నీళ్లు తెచ్చి పోసింది. మళ్లీ పోసింది. చేత్తో పట్టుకొని పిండింది. మా నేతవాళ్లకు నూలు మీదున్న మమకారం తెలిసినదే అయినా, ఇది కొంచెం ఎక్కువేనని నాక్కూడా అనిపించింది.

ఇక్కడ మా అత్త గురించి ఒక మాట చెప్పాలి. అంతకు కొద్ది రోజుల ముందే బట్టల సేటు మా ఇంటి చీర ఒకటి తిప్పి పంపాడు. ఎరుపు దిగుతోంది, ఉతికితే నీళ్లన్నీ ఎర్రబడుతున్నాయి అన్నాడట. వీధి అంతా విన్నది. బతుకంతా రంగులద్దిన మనిషి. ఆ రోజు నుంచి సరిగ్గా తినలేదు. నన్ను నూలు దొంగనని అనుమానించింది కూడా ఆ బాధలోనే అని నాకు తర్వాత అర్థమైంది.

ఆమె మూడోసారి పిండింది. నీళ్లు తేటగా కారాయి. ఇంకోసారి పిండింది. తేటగానే కారాయి. ఆ ఎర్ర నూలును రెండు చేతులతో పైకెత్తి పట్టుకొని వీధి మొత్తానికి చూపించింది.

"చూడుండ్రి. మంచిగ చూడుండ్రి. సేటు ఒక్కపారి నీళ్లల్ల ముంచి రంగు దిగింది అన్నడు. గిది బర్రె కడుపుల నానింది, ఆముదంల నానింది, పెండల నానింది. దిగిందా?"

ఆమె అడిగిన తీరుకు దిగిందని చెప్పగల మొనగాడు ఆ కొట్టంలో లేడు. నిజంగా దిగలేదు కూడా. కండె తెచ్చినాయన దగ్గరికి వచ్చి, వేళ్ల మధ్య నలిపి చూసి, తల ఊపాడు. ఒకామె తన చీర కొంగుకు రాసి చూసుకుంది. రేపే పోయి సేటుకు సాక్ష్యం చెబుతామన్నారు నలుగురు. మా అత్త ముఖం మీద చాలా రోజుల తర్వాత నేను నవ్వు చూశాను.

కొమురయ్య గొంతు సవరించుకున్నాడు. పలుపు ఇంకా చేతిలోనే ఉంది.

"పెద్దవ్వ, బర్రె నిలబడ్డది, సంతోషం. కని జబ్బు చేస్తె అమ్ముడే అన్నవు కదా. మాట మాటే అన్నవు. రేపు అంగడి దాంక ఎందుకు, నేను ఇప్పుడే..."

నేను కొంగు మళ్లీ నడుముకు చుట్టుకున్నాను. అవసరం రాలేదు. మా అత్త లోపలికి వెళ్లి, సేటు తిప్పి పంపిన ఎర్రచీర తెచ్చి అతని పలుపు మీద వేసింది.

"సేటు కాదన్న చీరెను బర్రె మంచిదన్నది కొమురయ్య. సాక్షిని ఎవలన్న అమ్ముకుంటరా? బర్రెను అమ్మ. చీరె కొనుక్కపో, నీ పెండ్లాం కట్టుకుంటది."

బర్రెను తోలుకుపోదామని వచ్చిన మనిషి గడ్డి దించి, చీర భుజాన వేసుకొని ఖాళీ బండి తోలుకుపోయాడు. అతని పెండ్లాం ఆ చీరను చాలా ఏళ్లు కట్టుకుందట. రంగు దిగలేదట.

కాబట్టి, ఇది చదువుతున్న మీ అందరి ఎదుట, మగ్గం మీద, రాట్నం మీద, గంజి కుండ మీద చేయి వేసి ప్రమాణం చేస్తున్నాను. ఇక ఈ జన్మలో గంజి పట్టిన నూలుతో గడ్డి కట్ట కట్టను. గడ్డిని గడ్డితోనే కడతాను, పోచలు ఎన్ని రాలినా ఏరుకుంటాను. కట్టు విప్పితే అది ముందు నా చేతిలో పట్టుకుంటాను, తర్వాతే మేత వేస్తాను. గంపను బర్రె మూతికి అందేంత దూరంలో పెట్టను. తప్పు ఒప్పుకోమని మాత్రం ఎవరూ అడగవద్దు. మా అత్త అడిగింది, చెప్పలేదు. మా ఆయన అడిగాడు, చెప్పలేదు. మా చుట్టాలు ఇప్పటికీ అడుగుతూనే ఉన్నారు, చెప్పను. దొరసానికి ఒక్కదానికే చెప్పాను, ఆ సాయంత్రమే, చెవిలో, ఇంకెవరికీ వినపడకుండా.